జాజ్ తొలినాళ్ల న్యూ ఆర్లీన్స్‌లో డిటెక్టివ్ నవల రాయడం: మొదటి పటం నుంచి చివరి పరీక్ష దాకా

చారిత్రక నేపథ్యంతో అపరాధ పరిశోధన నవల ఎలా రాయాలని, అందులోనూ జాజ్ సంగీతం పుట్టి పెరుగుతున్న రోజుల అమెరికా నగరం న్యూ ఆర్లీన్స్‌ను కథాస్థలంగా తీసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. వారు పంపిన చిత్తుప్రతులు చదివినప్పుడు నాకు కనిపించే లోపం దాదాపు ఒక్కటే. కథ ఈరోజు విజయవాడలో జరిగినా ఏమీ మారదు. దాని మీద పాత టోపీలు, గుర్రపు బండ్లు, కార్నెట్ అనే బాకా మోత పైపైన అద్ది ఉంటాయి.

ఈ మార్గదర్శి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది. ఆ ఊరి కట్టుబాట్ల వల్లనే సాధ్యమైన నేరం, ఆ కట్టుబాట్ల వల్లనే దొరికే ఆధారం మీ కథలో ఉండాలి. కింది మెట్లను ఇదే వరుసలో ఎక్కండి. మొదటి మూడూ పూర్తికాకుండా ఒక్క సన్నివేశం కూడా రాయవద్దని నా గట్టి సలహా.

1. కాలాన్ని వారాల లెక్కన ఎంచుకోండి

"1919 ప్రాంతం" అనుకుంటే చాలదు. 1917 నుంచి 1919 దాకా న్యూ ఆర్లీన్స్‌లో నెలనెలకూ పరిస్థితి మారింది. ముందుగా ఈ తేదీలను ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించండి.

- 1917 ఫిబ్రవరి 26: మొట్టమొదటి జాజ్ రికార్డింగ్ న్యూయార్క్‌లో జరిగింది. వాయించినది న్యూ ఆర్లీన్స్ నుంచి వెళ్లిన తెల్లవారి బృందం.
- 1917 నవంబరు 12: వేశ్యావృత్తికి 1897 నుంచి ప్రత్యేకించిన స్టోరీవిల్ పేట, నౌకాదళం ఒత్తిడితో మూతపడింది.
- 1918 మే 23: కిరాణా కొట్టు నడిపే ఇటాలియన్ దంపతులను ఇంట్లోనే చంపారు. "గొడ్డలి మనిషి" హత్యలుగా పేరుపడిన వరుస ఇక్కడే మొదలవుతుంది.
- 1918 అక్టోబరు: ఇన్‌ఫ్లుయెంజా వల్ల బడులు, చర్చిలు, నాటకశాలలు మూసివేశారు.
- 1919 మార్చి 10: నది అవతల గ్రెట్నాలో ఒక కుటుంబంపై దాడి జరిగి పసిబిడ్డ చనిపోయింది.
- 1919 మార్చి 16: హంతకుడి పేరుతో ఒక లేఖ టైమ్స్-పికయూన్ పత్రికలో అచ్చయింది. మంగళవారం అర్ధరాత్రి దాటి పావుగంటకు ఊరి మీదుగా వెళతానని, జాజ్ మోగుతున్న ఇంటిని వదిలిపెడతానని అందులో ఉంది.
- 1919 మార్చి 18 రాత్రి: ఊరంతా జాజ్ మోగింది. గొడ్డలి హత్య జరగలేదు.
- 1919 మార్చి 30: వేసవి వేళల కోసం గడియారాలు గంట ముందుకు జరిపారు, అక్టోబరు 26న వెనక్కి తెచ్చారు.
- 1919 జూలై 1: యుద్ధకాలపు మద్యనిషేధం అమలులోకి వచ్చింది. రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన నిషేధం 1920 జనవరి 17న మొదలైంది.
- 1919 అక్టోబరు 27: ఈ వరుసలో చివరిదిగా సాధారణంగా లెక్కించే హత్య జరిగింది.

ఇప్పుడు మీ కథకు ఆరు వారాలకు మించని గడువు ఎంచుకోండి. గడువు చిన్నదైతే వాతావరణం, పండుగలు, పత్రికా శీర్షికలు, ఉద్యోగాలు అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. నా ఉదాహరణలన్నిటికీ 1919 మార్చి 10 నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు ఉన్న గడువునే వాడుతున్నాను. చివరి హత్య గడియారాలు మార్చిన మర్నాడే జరిగిందన్న సంగతిని కూడా గమనించండి. సాక్షి చెప్పిన సమయం పాతదా కొత్తదా అన్న ప్రశ్న మీద ఒక నవల నిలబెట్టవచ్చు. ఆ దారి ఇంకా ఎవరైనా తీసుకోవాలని నా కోరిక.

2. నడిచే పటం గీయండి

న్యూ ఆర్లీన్స్ వాసులు దారి చెప్పేటప్పుడు తూర్పు పడమరలను నమ్ముకోరు. మిసిసిపీ నది వంపు తిరిగి ప్రవహించడం వల్ల వారికి దిక్కులు నాలుగే: నది వైపు, సరస్సు వైపు, ప్రవాహానికి ఎగువ, ప్రవాహానికి దిగువ. మీ పాత్రలు "ఉత్తరానికి తిరిగాడు" అన్నాయంటే ఆ ఊరు తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

నది ఊరికంటే ఎత్తున, కరకట్టల మధ్య ప్రవహిస్తుంది. కోనసీమలో ఏటిగట్టు దిగువన ఉన్న ఇళ్లను చూసినవారికి ఈ దృశ్యం వేరే వర్ణించనక్కరలేదు. వీధిలో నిలబడితే ఓడ పొగగొట్టం తలకంటే పైన కదులుతూ పోతుంది. సమాధులను నేల మీదే ఇటుకలతో కట్టడం అక్కడి ఆచారం.

ఊరిని కెనాల్ స్ట్రీట్ రెండుగా చీలుస్తుంది. దిగువన ఫ్రెంచ్ క్వార్టర్. అప్పటికి అది సిసిలీ నుంచి వచ్చిన పేద కుటుంబాలతో కిక్కిరిసి ఉండేది. ఎగువన అమెరికన్ల పేటలు. అవతలి ఒడ్డున అల్జీర్స్, గ్రెట్నా. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నా మొదటి చిత్తుప్రతిలో డిటెక్టివ్ అర్ధరాత్రి కారులో వంతెన మీదుగా పది నిమిషాల్లో గ్రెట్నా చేరుకున్నాడు. ఆ ప్రాంతంలో నది మీద మొదటి వంతెన 1935 డిసెంబరులో తెరిచారు. 1919లో నది దాటాలంటే రేవుకు వెళ్లి పడవ కోసం ఎదురుచూడవలసిందే. మూడు అధ్యాయాలు తిరిగి రాశాను. ఆ ఎదురుచూపే కథలోకెల్లా బిగువైన సన్నివేశం అయింది కాబట్టి, ఆ శ్రమ వృథా పోలేదు.

పైగా గ్రెట్నా వేరే పాలనా ప్రాంతం. లూసియానాలో జిల్లాలను పారిష్‌లంటారు. న్యూ ఆర్లీన్స్ పోలీసుకు జెఫర్సన్ పారిష్‌లో అధికారం లేదు. నది దాటిన క్షణంలో మీ డిటెక్టివ్ మామూలు మనిషి అయిపోతాడు.

పటం మీద ఇవి గుర్తించి ఉన్నాయో లేదో చూసుకోండి:

- హత్యాస్థలం, హంతకుడి చోటు, ప్రతి సాక్షి నిలబడిన చోటు
- వాటి మధ్య నడక సమయం (నిమిషానికి 80 మీటర్ల లెక్కన)
- ట్రామ్ దారులు, రేవులు
- రాత్రిపూట మనుషులు మెలకువగా ఉండే చోట్లు: బేకరీ, గుర్రపుశాల, ఆసుపత్రి, సరుకులు దించే రేవు

3. ఎవరు ఎక్కడ అడుగుపెట్టగలరో పట్టిక వేయండి

నవల బతకడమూ చావడమూ ఈ మెట్టు మీదే ఉంది. 1896లో అమెరికా సుప్రీంకోర్టు జాతుల వారీ వేర్పాటును సమర్థించిన ప్లెసీ కేసు పుట్టింది ఈ ఊరిలోనే. 1902 నాటి చట్టం ట్రామ్‌లలో నల్లవారిని వెనుక సీట్లకు పంపింది. 1908 నాటి చట్టం ఒకే సారా దుకాణంలో తెల్లవారికీ నల్లవారికీ కలిపి అమ్మడాన్ని నిషేధించింది. ఫ్రెంచి మాట్లాడే క్రియోల్ కుటుంబాలలో మిశ్రమ సంతతి వారు ఒకప్పుడు మధ్యస్థ హోదా అనుభవించి, ఈ చట్టాలతో దాన్ని పోగొట్టుకున్నారు. ఇటాలియన్లు తెల్లవారి లెక్కలోకి వచ్చినా, 1891లో పదకొండు మంది ఇటాలియన్లను గుంపు చంపిన సంగతిని ఆ పేటలు మరచిపోలేదు.

నిలువు గడులలో చోట్లు, అడ్డు గడులలో పాత్రలు రాయండి. ప్రతి గడిలో మూడింటిలో ఒక మాట నింపండి: ముందు తలుపు, వెనుక తలుపు, ప్రవేశం లేదు. ఒక నల్లజాతి వంటమనిషి తెల్లవారి ఇంట ప్రతి గదికీ వెళుతుంది, కాని ముందు తలుపు గుండా కాదు. ఐసు దిమ్మలు వేసే మనిషి అందరి వంటగదులూ చూస్తాడు. టెలిఫోను కలిపే ఆపరేటరు కుర్చీ కదలకుండానే ఎవరు ఎవరిని పిలిచారో చెప్పగలదు.

ఈ పట్టిక పూర్తయ్యాక డిటెక్టివ్‌ను ఎంచుకోండి, ముందు కాదు. చాలామంది ఇన్‌స్పెక్టరుతో మొదలుపెడతారు. నిజానికి పోలీసు అడుగుపెట్టగానే సగం ఊరు నోరు మూసుకుంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే మంచి ఎంపిక, మూల కిరాణా కొట్లకు టోకు సరుకు ఆర్డర్లు తీసుకుంటూ తిరిగే ఉద్యోగి. హత్యలు జరిగినవి ఎక్కువగా అలాంటి కొట్లలోనే. ఏ కొట్టు ఎవరికి బాకీ ఉందో అతనికి తెలుసు. అతను చూడలేని చోట్లను చూడగల మరో మనిషిని జతచేయండి. ఇద్దరి గడులూ కలిపితే పట్టిక నిండాలి, కాని ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేయగల చోటు ఊరిలో దాదాపు లేకుండా ఉండాలి.

4. నిజమైన కేసును ఎంతవరకు వాడుకోవాలో తేల్చుకోండి

గొడ్డలి హత్యలు నేటికీ తేలలేదు. లేఖ రాసింది హంతకుడేనని కూడా రుజువు లేదు. మీ నవల వాటిని పరిష్కరించినట్టు ప్రకటించుకోవడం కంటే, ఆ భయం చాటున జరిగిన ఒక కల్పిత హత్యను పరిష్కరించడం మంచిది. బాధితుల పేర్లు మార్చండి. చరిత్రలో పేరున్న మనిషిని హంతకుడిగా చూపవద్దు. నిజమైన వ్యక్తులు పత్రికలలో నమోదైన చోట మాత్రమే, నేపథ్యంలో మాత్రమే కనబడాలి: మేయర్ మార్టిన్ బెహర్మన్, పోలీసు సూపరింటెండెంట్ ఫ్రాంక్ మూనీ వంటివారు.

గ్రెట్నా కేసు నుంచి ఒక్క సంగతి తప్పక తీసుకోండి. బతికిన తల్లి చెప్పిన సాక్ష్యం మీద పొరుగింటి తండ్రీకొడుకులను దోషులుగా తేల్చి, కొడుక్కి ఉరిశిక్ష విధించారు. తరువాత ఆమె తన మాట వెనక్కి తీసుకోవడంతో వారు విడుదలయ్యారు. మీ డిటెక్టివ్ తప్పుచేస్తే ఏమవుతుందో పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. అదే నెలలో, నది అవతల, వారి అరెస్టు కళ్లముందే జరుగుతోంది.

5. నేరాన్ని నిమిషాలతో రాయండి

నా ఉదాహరణ ఇది. మార్చి 18 రాత్రి గొడ్డలి హత్య జరగలేదన్నది చరిత్ర. కాబట్టి మీ హత్య ఆ రాత్రే జరిగినా ఊరికి హత్యగా తెలియకూడదు. ఊరంతా తలుపులకు గడియలు వేసి, గొడ్డలి చప్పుడు కోసం చెవులు రిక్కించిన వేళ, ఒక మనిషి రేవు దగ్గర నదిలో "జారిపడ్డాడు". మూడు రోజుల తరువాత శవం తేలింది. హంతకుడు ఆ మనిషికి అప్పుపడ్డ ఒక చిన్న రెస్టారెంటు యజమాని.

అతని అలిబీ, అంటే ఆ సమయంలో తాను వేరే చోట ఉన్నానన్న రుజువు, సంగీతమే. అర్ధరాత్రి నుంచి దాదాపు పన్నెండున్నర దాకా అతని పియానో ఒక్క క్షణం ఆగలేదని వీధివీధంతా చెబుతుంది. ఆ పియానో కరెంటుతో నడిచే నాణేల పియానో అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అలాంటి యంత్రాలలో పది పాటలకు సరిపడా చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట ఒకటి ఉండేది. నికెల్ అనే ఐదు సెంట్ల నాణెం వేస్తే ఒక పాట. ముందే పది నాణేలు వేసి ఉంచితే ఒకదాని వెంట ఒకటి వాయించుకుపోయేవీ ఉన్నాయి.

- 11:50: చివరి అతిథి వెళ్లిపోతాడు.
- 12:00: యజమాని పది నాణేలు వేస్తాడు.
- 12:03: వెనుక తలుపు గుండా బయటపడతాడు.
- 12:10: రేవు చేరతాడు. ముందే రమ్మన్న మనిషి అక్కడ ఉంటాడు.
- 12:16: పని ముగుస్తుంది.
- 12:24: తిరిగి లోపల ఉంటాడు.
- 12:27: పదో పాట పూర్తవుతుంది. ముందు తలుపు తీసి, గస్తీ పోలీసుకు కాఫీ ఇస్తాడు.

ఈ పట్టిక పాఠకుడికి చూపేది కాదు. మీరు రాసే ప్రతి సాక్ష్యాన్ని దీనితో సరిచూసుకోవాలి. ఒక్క నిమిషం తేడా వచ్చినా సాక్ష్యాన్ని సవరించండి గాని పట్టికను కదపవద్దు.

6. జాజ్‌ను వాతావరణంగా కాదు, ఆధారంగా వాడండి

అందరూ తడబడేది ఈ మెట్టులోనే కాబట్టి, కాస్త నెమ్మదిగా నడుద్దాం. పై కథలో అలిబీ ఎలా కూలుతుంది? ఎదుటి కాలిబాట మీద, అక్కడివారు బాంకెట్ అనే ఆ ఇటుక దారి మీద, పదిహేనేళ్ల నల్లజాతి కుర్రవాడు నిలబడి ఉన్నాడు. ఒక ఇంట కార్నెట్ వాయించి తిరిగి వెళుతున్నాడు. రెస్టారెంటులోకి అతనికి ప్రవేశం లేదు. అందువల్ల అతను ఏమీ చూడలేదు, విన్నాడు. లోపలికి వెళ్లగలిగినవారెవరూ వినిపించుకోలేదు, ఎందుకంటే వారికి సంగీతం గోడకు వేసిన రంగు లాంటిది.

అతను విన్నది మూడు ఆధారాలుగా విడిపోతుంది.

మొదటిది వేళ్ల లెక్క. చుట్టలు తయారుచేసేవారు పాట నిండుగా వినిపించాలని, మనిషి రెండు చేతులకు అందని స్వరాలు కూడా చేర్చేవారు. కింది స్థాయిలో ఎడమచేయి గంతులు వేస్తుండగా, మధ్యలో కుడిచేయి రాగం పట్టి ఉండగా, ఆ పైన ఇంకొక చేయి గలగలలాడుతుంది. కుర్రవాడికి ఆ పాట తెలుసు. అది వాయించేవారి చేతుల పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

రెండవది పాటల వరుస. మనిషి వాయిస్తే వరుస మారుతుంది, అలసట వస్తుంది, తప్పు దొర్లుతుంది. చుట్టలో వరుస మారదు. కుర్రవాడి మాట విన్న మర్నాడు డిటెక్టివ్ మామూలు అతిథిగా వెళ్లి నాణెం వేస్తాడు. ఏ పాట తరువాత ఏది వస్తుందో కుర్రవాడు ముందే కాగితం మీద రాసి ఇచ్చి ఉంటాడు.

మూడవది చేతికి తగిలేది. నాణేల పెట్టెలో ఆ రోజు లెక్కపుస్తకంలో లేని పది నికెళ్లు ఎక్కువగా ఉన్నాయి. మొదటి రెండూ చెవికి సంబంధించినవి కాబట్టి కోర్టు పట్టించుకోదు, ఇది పట్టించుకుంటుంది. సంగీత ఆధారం ఎంత అందంగా ఉన్నా, దానికి ఇలాంటి ఒక మొరటు వస్తువును జతచేయడం మరవద్దు.

ప్రతి ఆధారాన్నీ రెండుసార్లు చూపండి. మొదటిసారి అది ఊరి రంగుగా, పాఠకుడు ఆనందించి దాటిపోయేలా రావాలి. "ఆ రాత్రి ఆ పియానో ఎన్నడూ లేనంత నిండుగా పలికింది" అన్న ఒక్క వాక్యం మూడో అధ్యాయంలో సరిపోతుంది. రెండోసారి అదే ఆధారమై తిరిగి వస్తుంది.

పియానో వద్దనుకుంటే గ్రామఫోను ఉంది. పది అంగుళాల రికార్డు సుమారు మూడు నిమిషాలే మోగుతుంది, ప్రతి రికార్డుకూ ఉక్కు ముల్లు మార్చాలి. అరగంట గ్రామఫోను మోగిందంటే ఎవరో అక్కడే ఉండి పదిసార్లు లేచారు. వాడేసిన ముళ్లు పక్కనున్న గిన్నెలో పడి ఉంటాయి. అంటే పియానో అలిబీని పగలగొట్టడానికి పనికివస్తే, గ్రామఫోను అలిబీని నిలబెట్టడానికి పనికివస్తుంది.

సంగీతకారుల జీవితం గురించి రెండు మాటలు. వారిలో చాలామందికి పగటి పని ఉండేది: గోడలకు సున్నపు పూత, పొగాకు చుట్టలు చుట్టడం, బొగ్గు మోయడం. బ్యాండ్లు బండి మీద ఊరేగుతూ నాట్యసభలకు ప్రచారం చేసేవి. ట్రాంబోన్ మనిషి గొట్టాన్ని చాచి లాగే చేతికి చోటు కోసం బండి వెనుక అంచున కూర్చునేవాడు. రెండు బండ్లు మూల మీద ఎదురైతే పోటీ జరిగేది. ఒక సాక్షి ఒకే సమయంలో అందరినీ చూడగల చోటు ఇంతకంటే దొరకదు.

7. ఆ కాలపు పరిశోధనా పద్ధతులకు కట్టుబడండి

1919లో వేలిముద్రలు ఉన్నాయి. 1911లోనే ఇలినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు వాటిని సాక్ష్యంగా అంగీకరించింది. ఆ విద్యకు మన గడ్డతో నిజమైన సంబంధం ఉంది: 1897లో కలకత్తాలో నెలకొల్పిన వేలిముద్రల కార్యాలయంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వర్గీకరణ పద్ధతికి రూపమిచ్చారు. మీ డిటెక్టివ్ చేతిలో ఆ విద్య ఉందంటే అది కలకత్తా దారిలో వచ్చిందే.

- వాడవచ్చు: వేలిముద్రలు, మరక మనిషి రక్తమా జంతువుదా అని తేల్చే పరీక్ష (1901 నుంచి ఉంది), ఫొటోలు, చేతివ్రాత పోలిక.
- వాడకూడదు: తూటాలను పోల్చే జంట సూక్ష్మదర్శిని (1925), రక్తపు మరకలను వెలిగించే లూమినాల్ (1937), వార్తలు చెప్పే రేడియో (అమెరికాలో వాణిజ్య ప్రసారాలు 1920 చివరిలో మొదలయ్యాయి).

గొడ్డలి హత్యలలో ఆయుధం చాలాసార్లు ఆ ఇంటిదే. తలుపు పలకను ఉలితో తొలిచి లోపలికి వచ్చేవారు. కాబట్టి గొడ్డలి ఎవరిదన్న ప్రశ్న మీ కథను ముందుకు నడపదు.

8. సంభాషణలో మీరు, నువ్వు

ఇక్కడ తెలుగు రచయితకు ఇంగ్లీషు రచయితకు లేని ఆయుధం ఉంది. అక్కడ ఉన్నది ఒకే 'యు'. ఆనాటి తెల్లవారు నల్లజాతి పెద్దలకు గౌరవవాచకం నిరాకరించి, పేరుతోనో 'బాయ్' అనో పిలిచేవారు. మనకు ప్రతి క్రియాపదం చివరా ఆ అవమానం పలుకుతుంది. అరవై ఏళ్ల బ్యాండ్ నాయకుణ్ని ఇరవై ఏళ్ల పోలీసు "ఏం చూశావు?" అంటే, వేరే వ్యాఖ్య అక్కరలేదు.

రాయడానికి ముందే, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో ఒక జాబితా వేసుకోండి. ఒక మలుపు కూడా ముందే నిర్ణయించండి: డిటెక్టివ్ ఏ అధ్యాయంలో, ఏ మాట దగ్గర, కుర్రవాడి తల్లిని "మీరు" అంటాడు? అది ఆమె నోరు విప్పే క్షణానికి సరిగ్గా ముందు ఉండాలి.

కుర్రవాడితో తొలి సంభాషణ ఇలా ఉండవచ్చు:

"అంత రాత్రివేళ అక్కడేం చేస్తున్నావు?"
"వింటున్నానండి."
"ఎవరు వాయిస్తున్నారు?"
"తెలియదండి. కాని ఎవరైనా సరే, ఆయనకు మూడు చేతులున్నాయి."

నల్లజాతి పాత్రల మాటను తెలంగాణ యాసలోకో శ్రీకాకుళం యాసలోకో మార్చవద్దు. అది ఆ పాత్రలకూ, ఆ ప్రాంతం వారికీ అన్యాయం చేస్తుంది. పాఠకుడి మనసు కూడా మిసిసిపీ ఒడ్డు విడిచి మన ఊరికి వచ్చేస్తుంది. "దొర" అన్న మాటను కూడా నేను వాడను. దాని వెంట మన గడీలు, జమీందారీలు వచ్చేస్తాయి. వాక్యం పొడవు, మౌనం, సంబోధన, ఈ మూడింటితో తేడా చూపండి. పిలుపులను వారివిగానే ఉంచండి: తరువాత జాజ్‌లో ప్రసిద్ధుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రవాడిగా తన గురువు, కార్నెట్ వాద్యకారుడు జో ఆలివర్‌ను "పాపా జో" అన్నాడు, దానిని "గురువుగారూ" చేయనక్కరలేదు.

అయితే మన మాట సరిగ్గా అతికితే దాచుకోవద్దు. సరుకు కొన్నవాడికి కొట్టువాడు ఊరికే ఇచ్చే చిన్నదాన్ని అక్కడ లానియాప్ అంటారు. అది అచ్చంగా మన కొసరు. "కొసరు అడిగాడు" అని రాస్తే పాఠకుడు ఆ కొట్టు ముందే నిలబడతాడు.

9. అధ్యాయాల వరుస

ముప్ఫై అధ్యాయాల నవల అనుకుంటే, మొదటి ఐదింటిలో లేఖ, భయం, మార్చి 18 రాత్రి రావాలి. శవం ఆరో అధ్యాయంలో తేలాలి. పదిహేను దాకా అలిబీ బలపడుతూ పోవాలి. కుర్రవాడు పదహారులో మాట్లాడాలి, కాని అతని మాటకు కోర్టులో విలువ ఉండదన్న సంగతి పదిహేడులో తెలియాలి. మిగతా నవల అంతా నిజం తెలిసిన తరువాత దాన్ని నిరూపించే కష్టం. సీరియల్‌గా రాస్తున్నవారు ప్రతి వారం కత్తి చూపి ఆపడం మాని, ప్రతి వారం పట్టికలో ఒక గడి తెరవండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

పొరపాటు: 1919లో స్టోరీవిల్ వెలుగుతూ ఉండటం.
దిద్దుబాటు: పేట మూతపడి ఏడాదిన్నర అయింది. ఖాళీ ఇళ్లు, పని పోయిన పియానిస్టులు, చాటుగా సాగే వ్యాపారం చూపండి. అవి మరింత పనికివస్తాయి.

పొరపాటు: ప్రసిద్ధులందరూ ఒకే రాత్రి ఒకే హాలులో వాయించడం.
దిద్దుబాటు: జాజ్ తొలినాళ్ల కార్నెట్ వాద్యకారుడు బడ్డీ బోల్డెన్ 1907 నుంచి మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. జో ఆలివర్ అప్పటికే షికాగో వెళ్లాడు. 1901 ఆగస్టులో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1919 మార్చిలో పదిహేడేళ్లు. అతను షికాగో చేరినది 1922లో.

పొరపాటు: డిటెక్టివ్ ఇంట్లో ఆలివర్ రికార్డు వింటూ ఆలోచించడం.
దిద్దుబాటు: ఆలివర్ బృందం రికార్డులు 1923లో మొదలయ్యాయి. 1919లో న్యూ ఆర్లీన్స్ నల్లవారి జాజ్ వినాలంటే వీధిలోకి రావాలి. ఇది అడ్డంకి కాదు, డిటెక్టివ్‌ను ఇల్లు కదిలించే కారణం.

పొరపాటు: సాక్సోఫోన్ సోలో.
దిద్దుబాటు: కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ కలిసి అల్లుకునే వాద్యం రాయండి. ఒక్కడే సుదీర్ఘంగా వాయించడం తరువాతి సంగతి.

పొరపాటు: 1919 మార్చిలో మార్డీ గ్రా అనే కార్నివాల్ పండుగ ఊరేగింపు.
దిద్దుబాటు: యుద్ధం వల్ల 1918లోనూ 1919లోనూ పెద్ద ఊరేగింపులు జరగలేదు. బదులుగా మార్చి 19 నాటి సెయింట్ జోసెఫ్ పండుగ ఉంది. సిసిలియన్ కుటుంబాలు రొట్టెలతో, పళ్లతో మెట్లు మెట్లుగా నైవేద్యపు వేదిక అమర్చి, వచ్చిన వారందరికీ పెడతాయి. లేఖలోని రాత్రి ఆ పండుగకు ముందు రాత్రే.

పొరపాటు: డిటెక్టివ్‌కు నేటి అభిప్రాయాలన్నీ ఉండటం.
దిద్దుబాటు: అతనికి ఒక గుడ్డిచోటు ఇవ్వండి. కుర్రవాడిని ఎనిమిదో అధ్యాయంలోనే కలిసి, అడగవలసిన ప్రశ్న అడగకుండా వెళ్లిపోవాలి. ఆ ఆలస్యానికి ఎవరో మూల్యం చెల్లించాలి.

11. ప్రతిని ముగించే ముందు

- ప్రతి సన్నివేశానికీ తేదీ, వారం, గంట రాసి ఉన్నాయా?
- ఆ రాత్రి ఆ పాత్ర ఆ తలుపు గుండా నిజంగా రాగలదా?
- ప్రతి ఆధారం కనీసం రెండుసార్లు కనిపించిందా?
- నది దాటిన ప్రతిసారీ పడవ సమయం లెక్కలోకి వచ్చిందా?
- "మీరు", "నువ్వు" అనుకోకుండా మారిన చోట్లున్నాయా? (గట్టిగా చదివితే చెవికి దొరుకుతాయి.)
- ఈ నేరాన్ని వేరే ఊరికి, వేరే ఏడాదికి మార్చి చూడండి. మారిపోగలిగితే మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

చివరగా, కథ తెలియని ఒక పాఠకుడికి పదిహేనో అధ్యాయం వరకు మాత్రమే ఇవ్వండి. హంతకుడి పేరు, అతను ఎలా చేశాడన్నది ఒక కాగితం మీద రాసి, మడిచి ఇమ్మనండి. పేరు సరిగ్గా ఉండి పద్ధతి తప్పితే నవల సిద్ధంగా ఉన్నట్టే. రెండూ తప్పితే మూడో అధ్యాయంలోని పియానో వాక్యం మరీ లోతుగా దాగింది. దాన్ని పేరా మధ్య నుంచి పేరా చివరకు తెచ్చి, వేరే పాఠకుడికి ఇచ్చి చూడండి.